స్ట్రెస్‌లో మాట్లాడటం నేర్పాలంటే క్లాసా, డమ్మీ పేషెంటా, బోర్డ్ గేమా: ఏది మేలు?

“బోర్డ్ గేమ్ అంటే సీనియర్ డాక్టర్లు కూర్చుంటారా అండీ?” హాస్పిటల్ టీమ్‌లకి టెన్షన్‌లో ఒకరితో ఒకరు మాట్లాడటం నేర్పే ట్రైనింగ్‌కి బోర్డ్ గేమ్ పెడదాం అనగానే ఎవరైనా మొదట అడిగేది ఇదే. కూర్చుంటారు, ఆట వేడెక్కాక లెమ్మన్నా లేవరు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది, అసలు మనం నేర్పాలనుకుంటున్నది ఏంటి అని. క్లాసు, డమ్మీ పేషెంట్‌తో సిమ్యులేషను (అంటే బొమ్మని పేషెంట్ అనుకుని అసలు కేసులాగే నడిపే ప్రాక్టీసు), బోర్డ్ గేము, ఈ మూడూ ఒకే పని చెయ్యవు. చేస్తాయనుకుని ఒకదాని బదులు ఇంకోటి పెట్టేస్తారు చూడండి, అక్కడే డబ్బూ టైమూ రెండూ పోతాయి.

2005లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక కేసు ఈ ఫీల్డ్‌లో చాలామందికి తెలుసు. మామూలు సైనస్ ఆపరేషన్, మత్తు ఇచ్చారు, ఊపిరి ట్యూబ్ వెయ్యడం కుదరలేదు, మాస్క్‌తో ఊపిరి అందించడమూ కుదరలేదు. గదిలో ఉన్నవాళ్లు కొత్తవాళ్లేం కాదు, బాగా అనుభవం ఉన్న డాక్టర్లే, కానీ ఎలాగైనా ట్యూబ్ వెయ్యాలని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు, ఎంత టైమ్ గడిచిపోయిందో వాళ్లకి తెలియనే లేదు. ఒక నర్స్ గొంతు దగ్గర కోసి ఊపిరికి దారి చేసే సెట్ తెచ్చి రెడీగా ఉంది అని చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్స్ ఐసీయూకి ఫోన్ చేసి బెడ్ అడిగింది, తీరా డాక్టర్ల చూపులు చూసి అతి చేశానేమో అనుకుని మళ్లీ ఫోన్ చేసి వద్దని చెప్పేసింది. ఆ పేషెంట్ బతకలేదు. ఏం చెయ్యాలో తమకి తెలుసనీ, దాన్ని ఎలా చెప్పాలో తెలియలేదనీ ఆ తర్వాత నర్సులు చెప్పారు. గదిలో సామాను ఉంది, తెలిసినవాళ్లు ఉన్నారు, మాటొక్కటి అవతలివాళ్ల చెవికి ఎక్కలేదు. ఆ పేషెంట్ భర్త పైలట్, ఆయన ఊరుకోకుండా 2007లో ఇలాంటి విషయాల మీద పనిచేసే గ్రూప్ ఒకటి పెట్టారు, అది వేరే కథ.

కాబట్టి నేర్పాల్సింది ఆ మాట ఎక్కించే పని. టెన్షన్‌లో మనిషి చూపు ఒక్కచోటే అతుక్కుపోతుంది, చెవికి చేరిన మాట బుర్రకి చేరదు, అలాంటి మనిషికి వినపడేలా చెప్పడం ఒకవైపు, తనే ఆ స్థితిలో ఉన్నప్పుడు పక్కవాళ్ల మాట తీసుకోవడం ఇంకోవైపు. దీనికి తోడు కసురుకోవడాలు. 2015లో ఇజ్రాయెల్ నవజాత శిశువుల ఐసీయూ టీమ్‌ల మీద చేసిన స్టడీ ఒకటి పబ్లిష్ అయింది, 24 టీమ్‌లకి ఒకే సిమ్యులేషన్ కేసు ఇచ్చారు, కొన్ని టీమ్‌లతో బయటి నిపుణుడు ఒకాయన కించపరిచేలా రెండు మాటలు అన్నాడు అంతే, వాళ్ల డయాగ్నసిస్సూ దెబ్బతింది చేతిపనీ దెబ్బతింది, ఒకరినొకరు అడగడం, సాయం తీసుకోవడం తగ్గిపోయింది. అంటే కమ్యూనికేషన్ అనేది మర్యాద క్లాసులో చెప్పే సంగతి కాదు, ట్రీట్‌మెంట్‌లో భాగమే.

ముందు క్లాసు సంగతి, త్వరగా అవ్వగొట్టేస్తా. దీని మూలం విమానాల దగ్గర ఉంది. 1977లో టెనెరిఫ్ ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద రెండు 747 విమానాలు గుద్దుకుని 583 మంది పోయారు, 1979లో నాసా వర్క్‌షాప్ పెట్టి కాక్‌పిట్‌లో మాట్లాడుకునే తీరు మీద గట్టిగా దృష్టి పెట్టారు, తర్వాత మెల్లగా అది హాస్పిటల్‌కి పాకింది. 2006లో అమెరికాలో రక్షణ శాఖ, హెల్త్‌కేర్ క్వాలిటీ ఏజెన్సీ కలిసి టీమ్‌స్టెప్స్ అని పూర్తి సిలబస్సే విడుదల చేశాయి. ఎస్‌బార్ అని విషయాన్ని నాలుగు ముక్కల్లో చెప్పే పద్ధతి కూడా ఈ దారిలో వచ్చిందే, అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో వాడినదాన్ని అక్కడి హెల్త్‌కేర్ సంస్థ కైజర్ పర్మనెంటేలో పేషెంట్ సమాచారానికి మార్చుకున్నారు: ఇప్పుడేంటి పరిస్థితి, వెనకేం జరిగింది, నా అంచనా ఏంటి, మీరేం చెయ్యాలి. ఆర్డర్ విన్నవాళ్లు దాన్ని తిరిగి చెప్పడం, డౌట్ వస్తే మెట్టు మెట్టుగా గొంతు పెంచడం, అంటే ముందు “నాకు భయంగా ఉంది”, తర్వాత “నాకిది సరిగా అనిపించట్లేదు”, అప్పటికీ వినకపోతే “ఇది పేషెంట్ సేఫ్టీ విషయం, ఆపండి” అనడం, ఇవన్నీ స్లైడ్ల మీద చాలా బాగుంటాయి.

క్లాసు మాటలు ఇస్తుంది, నోరు ఇవ్వదు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పడమే అది. అలాగని తీసిపారెయ్యను, ఆ మాటలు ముందు అందరికీ తెలియకపోతే మిగతా రెండూ ఎటూ కాకుండా పోతాయి. 2010లో అమెరికా మాజీ సైనికుల హాస్పిటళ్ల డేటా వచ్చింది, టీమ్ ట్రైనింగ్ తీసుకున్న చోట ఆపరేషన్ మరణాలు 18 శాతం తగ్గాయి, తీసుకోని చోట 7 శాతం. అదిగో క్లాసు పనిచేసింది అని ఈ నంబర్ పట్టుకొచ్చేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు, అక్కడ రోజంతా క్లాసుకి ముందు రెండు నెలలు ప్రిపరేషన్ ఉంది, ఆ తర్వాత ఏడాది పాటు మూడేసి నెలలకి ఫోన్ చేసి ఎంతవరకు వచ్చింది అని అడిగేవాళ్లు. ఒక్క మధ్యాహ్నం ప్రొజెక్టర్ పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెడితే ఆ 18 రాదు.

ఇక డమ్మీ పేషెంట్. 1960లో లేర్డల్ కంపెనీ వాళ్ల రెససి యాన్ అనే సీపీఆర్ నేర్పే బొమ్మతో మొదలై ఇవాళ ఊపిరి పీల్చేవి, కళ్లు ఆర్పేవి, పల్స్ దొరికేవి అన్నీ వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా బృందం 1990 ప్రాంతంలో కాక్‌పిట్ పాఠాల్ని మత్తు డాక్టర్ల సిమ్యులేషన్‌లోకి తెచ్చింది, ఇవాళ చూస్తున్న టీమ్ సిమ్యులేషన్లలో చాలావాటికి దారి వేసింది అదే. దీని బలం ఒక్కటే, అది చాలా పెద్దది: చేతులూ నోరూ ఒకేసారి పనిచెయ్యాలి. ఛాతీ మీద కంప్రెషన్లు చేస్తూ, మందు అడుగుతూ, మానిటర్ చూస్తూ, “అడ్రినలిన్ ఒక మిల్లీగ్రామ్ ఇచ్చాను” అని ఎవరో అంటే విని టైమ్ గుర్తుపెట్టుకోవడం. ఏ ఆటా ఇది ఇవ్వలేదు. వార్డులోనే, అక్కడి ట్రాలీతోనే పెడితే ఇంకా లాభం, సక్షన్ పైప్ పొడవు చాలదనీ, ఫలానా సైజు ట్యూబ్ డ్రాయర్‌లో లేనే లేదనీ అప్పుడే బయటపడుతుంది.

మరి లోటు? నాకు కనిపించేది ఖర్చు కన్నా వేరేది. సిమ్యులేషన్‌లో అందరూ తమ వృత్తి పరువు చేతిలో పట్టుకుని నిలబడతారు. సీనియర్‌కి తన పని పదిమంది ముందు తప్పు కాకూడదు, జూనియర్‌కి సీనియర్ పరువు తియ్యకూడదు. అందుకని అయ్యాక కూర్చుని మాట్లాడేటప్పుడు మాట మెల్లగా మందు డోసు మీదకీ ప్రోటోకాల్ మీదకీ జారిపోతుంది, ఎందుకంటే అది మాట్లాడటం సులువు. “మీరు మూడుసార్లు పిలిచినా నాకు వినపడలేదు” అనే వాక్యం దాకా అసలు రారు. పైగా ఎవరి పాత్ర వాళ్లదే, నర్స్ నర్సే, డాక్టర్ డాక్టరే, రోజూ ఉండే మెట్ల వరస అలాగే గదిలోకి వస్తుంది. ఇంకోటి, ఒకసారి సెటప్ చేసి నడిపి సర్దేసరికి పూట గడిచిపోతుంది, రెండో రౌండ్ ఉండదు. అలవాటు మారాలంటే రెండో రౌండ్ కావాలి, మూడోది కూడా కావాలి.

సరిగ్గా ఇక్కడే బోర్డ్ గేమ్ పనికొస్తుంది. బోర్డ్ గేమ్ అనగానే వైకుంఠపాళి, లూడో గుర్తు తెచ్చుకోవద్దు, పాచికలు పడ్డదాన్ని బట్టి నడిచే ఆటల్లో మాట్లాడాల్సిన పనే లేదు. నేను చెప్పేది టీమంతా ఒక పక్షాన ఉండి, గడియారమో అవతలి టీమో తరుముతుండగా, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క సమాచారం ఉండే ఆటలు. వీటిలో ఎవరూ నిపుణులు కాదు. ఇరవై ఏళ్ల సర్జనూ నిన్న చేరిన టెక్నీషియనూ ఒకే రూల్ బుక్ ముందు సమానంగా బిత్తరపోతారు. ఓడిపోతే ఎవరి డిగ్రీకీ మచ్చ రాదు, కాబట్టి తర్వాత నిజం మాట్లాడతారు. మళ్లీ ఆడదాం అని వాళ్లే అంటారు, సిమ్యులేషన్ అయ్యాక ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

అయితే ఏ ఆట అనే దగ్గర చాలామంది బోల్తా పడతారు. రోగాల బొమ్మ ఉంది కదా అని పాండెమిక్ తెచ్చిపెడతారు. 2008లో వచ్చిన మంచి ఆట, ఇంట్లో ఆడుకోడానికి నాకూ ఇష్టమే, కానీ అందులో గడియారం లేదు, సమాచారం అంతా బల్ల మీదే పరిచి ఉంటుంది, దాంతో ఒక్క తెలివైన మనిషి అందరి ఎత్తులూ తనే చెప్పేస్తాడు, మిగతా ముగ్గురూ ఆయన చెప్పిన చోట బొమ్మ జరుపుతుంటారు. హాస్పిటల్‌లో మనం వదిలించుకోవాలనుకుంటున్న జబ్బు అదే కదా, దానికే ప్రాక్టీస్ ఇచ్చినట్టు అవుతుంది. ద మైండ్ అనే ఆట కూడా బాగా పేరున్నదే, అందులో నోరు విప్పకూడదు, ఒకరి మనసు ఒకరు కనిపెట్టాలి. సరదాగా ఉంటుంది, కానీ మాట్లాడకుండా అర్థం చేసుకుంటారులే అనే నమ్మకమే వార్డులో కొంప ముంచుతుంది, దాన్ని పెంచే ఆట మనకెందుకు.

నా ఓటు క్యాప్టన్ సోనార్‌కి. 2016లో వచ్చింది, నలుగురు ఒక జలాంతర్గామి, అవతల నలుగురు ఇంకోటి, మధ్యలో అడ్డుతెర. ఎస్‌బార్ పుట్టింది కూడా జలాంతర్గామిలోనే అని ఇందాక అన్నాను కదా, ఊరికే గుర్తొచ్చింది. క్యాప్టన్ “ఉత్తరం”, “పడమర” అని పైకి చెప్తూ నడిపిస్తాడు. ఫస్ట్ మేట్ టార్పెడో (నీళ్లలో పేల్చే ఆయుధం), సోనార్ (శబ్దంతో శత్రువుని వెతికే యంత్రం) లాంటివి ఎంత నిండాయో గీతలు పెడతాడు. ఇంజనీర్ ఏ దిక్కుకి వెళ్తే ఆ దిక్కు ప్యానెల్‌లో ఒక గుర్తు కొట్టెయ్యాలి, దాన్ని బట్టి ఏదో ఒక సిస్టమ్ కాసేపు పనిచెయ్యదు. రేడియో ఆపరేటర్ అవతలి క్యాప్టన్ అరుపులు విని వాళ్ల దారి పారదర్శక షీట్ మీద గీస్తుంటాడు. వంతులు లేవు, అందరూ ఒకేసారి. ఫస్ట్ మేట్, ఇంజనీర్ ఇద్దరూ తమ గీత అయిపోయింది, ఓకే అని చెప్తేనే క్యాప్టన్ తర్వాతి దిక్కు చెప్పాలి, ఇది రూల్. చూశారా, క్లాసులో నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పే తిరిగి చెప్పడం అనే అలవాటు ఇక్కడ ఆట రూల్‌లోనే ఉంది, క్యాప్టన్ ఆగకపోతే పడవే నడవదు.

ఆ బల్ల దగ్గర నిలబడి చూస్తే తమాషాగా ఉంటుంది. క్యాప్టన్ సీట్లో ఉన్నాయన “పడమర, పడమర” అని ఊపు మీద ఉంటాడు. ఇంజనీర్ షీట్ పట్టుకున్న అమ్మాయి “సార్... పడమర అంటే మరి... కొంచెం...” అంటుంది. ఆయనకి వినపడదు. ఇంకోసారి “సార్ టార్పెడో...” అంటుంది, ఆయన “ఆఁ ఆఁ రెడీనే కదా” అని ముందుకే. శత్రువు ఎదురుగా దొరికాక టార్పెడో వెయ్యండి అంటే పనిచెయ్యదు. అప్పుడు ఆయన అడిగే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే, “ముందే ఎందుకు చెప్పలేదు?” ఆ అమ్మాయి “చెప్పాను సార్” అంటుంది. ఆమె చెప్పిందా? సగం చెప్పి, మిగతా సగం ఆయనే అర్థం చేసుకుంటాడని ఆశపడింది. డమ్మీ పేషెంట్ పక్కన ఈ సంభాషణ బయటికి లాగాలంటే గంట పడుతుంది, ఇక్కడ నవ్వుతూనే బయటపడింది. తర్వాతి రౌండ్‌లో “క్యాప్టన్, ఆగండి, పడమర వెళ్తే టార్పెడో పోతుంది, ఉత్తరం వెళ్దాం” అని ఒక్క ఊపిరిలో అంటుంది. ఎవరిని పిలుస్తోంది, ఏంటి ప్రమాదం, ఏం చెయ్యాలి, అన్నీ వచ్చేశాయి.

దీనికి పోటీ ఇచ్చేది 2008 నాటి స్పేస్ అలర్ట్. ఇందులో అందరూ ఒక అంతరిక్ష ఓడ సిబ్బంది, సౌండ్‌ట్రాక్ పెట్టి పది నిమిషాల మిషన్ ఆడతారు, ప్రమాదాలు ఒకదాని మీద ఒకటి స్పీకర్లోంచి వచ్చి పడుతుంటాయి, మధ్యలో కమ్యూనికేషన్ సిస్టమ్ డౌన్ అంటుంది, మళ్లీ వచ్చేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అసలు గొప్పతనం ఆ పది నిమిషాల తర్వాత ఉంది, అందరూ బోర్లా పెట్టుకున్న కార్డులు తిప్పి ఏం జరిగిందో ఒక్కో అడుగూ వెయ్యాలి, తుపాకీ పేల్చే టైమ్‌కి పవర్ ఇంకా రాలేదనీ, ఇద్దరూ ఒకే లిఫ్ట్ ఎక్కాలని చూశారనీ అప్పుడు తెలుస్తుంది. జరిగినదాన్ని వెనక్కి తిప్పి చూసుకోవడం డబ్బాలోనే కలిపి ఇచ్చినట్టు. ఇంకో చిలిపి రూల్ ఉంది, ఓడలో కంప్యూటర్ స్క్రీన్‌సేవర్‌లోకి పోకుండా ఎవరో ఒకరు వెళ్లి మౌస్ కదపాలి, మర్చిపోతే అందరి పనీ వెనకబడుతుంది. వేరేవాళ్లు కదుపుతారులే అని అందరూ అనుకుంటారు, ఎవరూ కదపరు. వార్డులో “ఎవరైనా ల్యాబ్‌కి ఫోన్ చెయ్యండి” అన్నప్పుడు జరిగేది అచ్చం ఇదే, పేరు పెట్టి చెప్పని పని ఎవరిదీ కాదు. కష్టం ఏంటంటే రూల్స్ ఎక్కువ, నేర్పడానికే చాలాసేపు పడుతుంది, డ్యూటీ మధ్యలో గంటన్నర దొరికిన టీమ్‌కి ఇది పెట్టను.

హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ సంగతులు అప్పజెప్పడం, అదొక్కటే సమస్య అయితే హనాబి చాలు, చిన్న పేకముక్కల డబ్బా, 2013లో జర్మనీ వాళ్ల స్పీల్ డెస్ యారెస్ అవార్డు కొట్టింది. మన ముక్కలు మనకి కనపడవు, ఎదుటివాళ్లకే కనపడతాయి, ఇచ్చే క్లూలకి లెక్క ఉంది. నాకు తెలిసిందంతా చెప్పెయ్యడం కాకుండా అవతలివాళ్లకి ఇప్పుడు ఏది కావాలో అది చెప్పడం దీనితో బాగా వంటబడుతుంది, కాకపోతే గడియారం లేదు కాబట్టి స్ట్రెస్ ట్రైనింగ్ అని పిలవలేం. బోర్డ్ గేమ్ కాదు గానీ 2015 నాటి కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ అనే వీడియో గేమ్ కూడా ఈ బల్ల మీదకి రావాల్సిందే, బాంబు కనిపించేవాడికి మాన్యువల్ ఉండదు, మాన్యువల్ ఉన్నవాడికి బాంబు కనపడదు. రాత్రి రెండింటికి పేషెంట్ పక్కనున్న నర్సూ, ఇంట్లో ఫోన్ పట్టుకున్న ఆన్‌కాల్ డాక్టరూ, వాళ్లకి ఇంతకంటే సరిపోయేది లేదు.

మరి హాస్పిటల్ కోసమే చేసిన ఆటలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే. ఫ్రైడే నైట్ ఎట్ ద ఈఆర్‌లో నలుగురు నాలుగు డిపార్ట్‌మెంట్లు చూసుకుంటూ 24 గంటల హాస్పిటల్ నడుపుతారు, కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ల గ్రిడ్‌లాక్‌డ్‌లో ఎమర్జెన్సీకి వచ్చే రద్దీని టీమ్‌గా సంభాళించాలి. బెడ్లు ఎందుకు ఖాళీ అవ్వవు, నా డిపార్ట్‌మెంట్ బాగుంటే చాలనుకుంటే పక్కవాడు ఎలా మునుగుతాడు అనేది నేర్పాలంటే ఇవే తేవాలి. కానీ గొంతు పెంచడం, వినడం నేర్పాలంటే హాస్పిటల్ బొమ్మలేని ఆటే మేలు అంటాను, బల్ల మీద పేషెంట్ కనిపించగానే అందరూ మళ్లీ ఎవరి హోదాలోకి వాళ్లు వెళ్లిపోతారు, “మా దగ్గర ఇలా చెయ్యరు” అనే వాదన మొదలవుతుంది, సిమ్యులేషన్‌లో ఉన్న ఇబ్బందే ఇక్కడికీ వస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. జలాంతర్గామిలో నోరు విప్పిన మనిషి ఆపరేషన్ థియేటర్‌లో విప్పుతుందని గ్యారంటీ లేదు. ఆటలో ఓడితే నవ్వు, అక్కడ ఓడితే ప్రాణం, ఈ రెండు టెన్షన్లూ ఒకటి కాదు. కిర్క్‌పాట్రిక్ అనే ట్రైనింగ్ నిపుణుడు 1959లో ట్రైనింగ్ కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు, నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం మారిందా అని. బోర్డ్ గేమ్‌ల గురించి నేను చదివినవి ఎక్కువ మొదటి మెట్టు మీదే ఆగుతాయి, “చాలా బాగుంది, మళ్లీ పెట్టండి” అని ఫామ్ నింపించుకోవడం. సిమ్యులేషన్‌కీ టీమ్ ట్రైనింగ్‌కీ ఉన్నంత రుజువు ఆటలకి లేదు, అందుకే సిమ్యులేషన్ ఎత్తేసి దాని బదులు ఆట పెడతాం అంటే నేను వద్దనే అంటాను.

కాబట్టి ఏది మేలు అంటే మీ టీమ్ ఎక్కడ తడబడుతోందో చూడండి. మాటలే తెలియవు, కొత్తగా చేరినవాళ్లు ఎక్కువ అంటే క్లాసు, కానీ పొట్టిది. మాటలు తెలుసు, నోరు రావట్లేదు, ఇద్దరే మాట్లాడతారు మిగతావాళ్లు తలూపుతారు అంటే బోర్డ్ గేమ్, అది కూడా క్యాప్టన్ సోనార్ లాంటిది. మాట్లాడుకుంటారు గానీ చేతిలో పని పడగానే గందరగోళం అంటే సిమ్యులేషన్, వీలైతే సొంత వార్డులోనే. మూడింటికీ వీలున్న చోట ఆట ముందు పెట్టి, కొన్ని వారాల్లోపే అదే మనుషులతో సిమ్యులేషన్ పెట్టండి, “టార్పెడో పోతుంది క్యాప్టన్” అన్న జోకు డమ్మీ పేషెంట్ దగ్గర కూడా ఎవరో ఒకరు వేస్తారు, ఆ జోకు వెనకే అసలు మాట కూడా వస్తుంది. ఒక్కదానికే వీలుంది, టీమ్ పాతదే అంటే నేను బోర్డ్ గేమే ఎంచుకుంటా, ఎందుకంటే నెలకోసారి ఆడించగలం, డమ్మీని నెలకోసారి బయటికి తియ్యలేం.

ఆట తర్వాత కూర్చుని మాట్లాడుకోకపోతే మాత్రం అది పిక్నిక్కే. 2013లో చాలా స్టడీలు కలిపి లెక్కేసినప్పుడు, సరిగ్గా చేసిన డీబ్రీఫ్ (పని అయ్యాక కూర్చుని మాట్లాడుకోవడం) వల్ల టీమ్‌ల పనితనం 20 నుంచి 25 శాతం దాకా పెరుగుతోందని తేలింది, అదేమీ ఆటల గురించి తీసిన లెక్క కాదు, ఏ పని తర్వాతైనా సరే. పావుగంట ఆడితే ఇంకో పావుగంట మాటలకే ఉంచండి. ఎవరు గెలిచారన్నది వదిలేసి, ఎవరి మాట ఎవరికి చేరలేదు, ఎక్కడ తెగింది, అదే మాట మన వార్డులో ఎప్పుడు తెగింది అని అడగండి. రెండో రౌండ్‌కి సీట్లు మార్చండి, రోజూ ఆర్డర్లు వేసేవాళ్లు ఆర్డర్లు వినే కుర్చీలోకి వెళ్లాలి. డిపార్ట్‌మెంట్ హెడ్‌ని ఆట నడిపించే ఫెసిలిటేటర్‌గా మాత్రం పెట్టకండి, పక్కన నిలబడి చూస్తానన్నా ఒప్పుకోవద్దు, ఆయన్నీ కూర్చోబెట్టి ఇంజనీర్ షీటూ మార్కరూ చేతికివ్వండి.